దీపం ఆటకు సరిపడే పెట్టె

గాజు మానిటర్‌ను భుజానికెత్తుకున్న బావ సెలూన్ గుమ్మంలో ఇరుక్కుపోయి, ముందుకు పోలేక వెనక్కి రాలేక, "లోపల ఎవరైనా బతికున్నారా" అని అడుగుతున్న చోట పోయిన వారం వాళ్ళను వదిలి వచ్చాం. బతికే ఉన్నారు. తమ్ముడు పరుగున వచ్చి తలుపు రెండో రెక్క తీశాడు. మానిటర్ లోపలికి వచ్చింది. బావ నడుము మాత్రం గుమ్మం దగ్గరే ఉండిపోయినట్టుంది. ఇవాళ్టికీ వంగితే లేవలేకపోతున్నాడు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. అక్కది జుట్టు కత్తిరించే పని. ఆ సెలూన్ ఆమె సొంతంగా నిలబెట్టుకున్నది. వానాకాలంలో తడి నేల మీద జారిపడి కుడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ మోచేతి దగ్గర నలిగిన నరం కోలుకోలేదు. ఉంగరపు వేలూ చిటికెన వేలూ చెప్పిన మాట వినడం మానేశాయి. కత్తెర రెండో కన్నంలో దూరేది ఆ ఉంగరపు వేలే. వేళ్ళకు పని చెప్పమని ఫిజియోథెరపీ ఆవిడ రబ్బరు బంతి ఇస్తే, అక్క దాన్ని కిటికీలోంచి విసిరేసింది. అదీ ఎడం చేత్తో.

ఆమె మొగుడు, అదే మన బావ, తమ్ముడితో కలిసి ఆమె వెంట పడ్డాడు. పిండు, నొక్కు, చాపు, ముడువు. వాళ్ళ పోరు పడలేక ఒకరోజు అక్క, "చిన్నప్పుడు కంప్యూటర్‌లో ఆడిన దీపం ఆట తెచ్చిపెట్టండి. ఎంతసేపు కావాలంటే అంతసేపు మీటలు నొక్కుతా" అంది. తమ్ముడు ఆ సాయంత్రమే తన ల్యాప్‌టాప్‌లో ఆట పెట్టి ముందుంచాడు. అక్క కాస్త విని లేచి వెళ్ళిపోయింది. "ఇది కాదు. పాట ఇలా ఉండేది కాదు, ఆ దీపం పట్టుకున్నవాడు ఇలా దూకేవాడు కాదు. అప్పటి పెట్టెలో అయితే ఆడతా."

అప్పటి పెట్టె ఎప్పుడో ఏ చెత్తకుప్పలోనో కలిసిపోయింది. కాబట్టి పాత భాగాలు ఏరుకొచ్చి అలాంటిదే ఇంకొకటి నిలబెట్టాలని బావా బావమరిదీ నడుం కట్టారు. బావ నడుం సంగతి ఎలాగూ చెప్పాను.

ఆ మధ్యాహ్నం సెలూన్ తలుపు మీద 'మూసి ఉంది' అన్న అట్ట ఎప్పటిలాగే వేలాడుతోంది. పొడవాటి అద్దం ముందు, దువ్వెనలూ నీళ్ళ సీసాలూ ఉండాల్సిన బల్ల మీద, మూత విప్పిన కంప్యూటర్ డబ్బా, దాని పేగుల్లాంటి తీగలూ పరిచి ఉన్నాయి. కిటికీ పక్కన ఉన్న చివరి కుర్చీలో అక్క కూర్చుని, కాలి బొటనవేలితో నేలను తోస్తూ అటూ ఇటూ తిరుగుతోంది.

"ముందు నాది పెడదాం" అన్నాడు బావ.

బావ లిఫ్టుల మెకానిక్. ఖాళీ చేస్తున్న ఒక ఆఫీసులో పాత సామాను పారేస్తుంటే, కంప్యూటర్ భాగాలన్నీ అమరే మదర్‌బోర్డు ఒకటి ఏరుకొచ్చాడు. మచ్చ లేదు, తుప్పు లేదు. దాన్ని చూసినప్పుడల్లా ఆయన ముఖం, మంచి మార్కులు తెచ్చుకున్న కొడుకును చూసుకుంటున్నట్టు ఉంటుంది.

"బావా, నేను పాట కోసం తెచ్చిన సౌండ్ కార్డు అందులో పట్టదని నిన్ననే చెప్పాను" అన్నాడు తమ్ముడు. "ఈ కార్డుకు పొడవాటి నల్ల స్లాటు కావాలి. నీ బోర్డు మీద అన్నీ పొట్టి తెల్లవే. అది తర్వాతి కాలం బోర్డు."

"ఎంత తేడా ఉందేంటి. ఆకురాయి పెట్టి ఈ చివర కాస్త రాస్తే కూర్చోదూ?"

తమ్ముడు కార్డును గుండెకు హత్తుకున్నాడు. అతను వినికిడి యంత్రాలు బాగుచేస్తాడు. రోజంతా చెవిలో పట్టేంత చిన్న వస్తువుల మీద ఊపిరి బిగబట్టి పనిచేసే మనిషి. ఆకురాయి అన్న మాట వింటేనే అతనికి పళ్ళు పులిసినట్టయింది. "రాయడానికి ఇదేమన్నా గుమ్మం తలుపా? ఈ కార్డు మీద ఉన్న చిప్పే ఆ పాటను పుట్టిస్తుంది. కొత్తవన్నీ దాన్ని అనుకరిస్తాయంతే. ల్యాప్‌టాప్‌లో విని అక్క 'ఇది కాదు' అన్నది అందుకే. దీన్ని పట్టుకోవడానికి ఎన్ని దుకాణాలు తిరిగానో నీకేం తెలుసు."

"తెలీకపోవడమేంటి. రోజూ చెబుతున్నావుగా."

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని."

"చెవిటివాళ్ళతోనేగా నీ బతుకుతెరువు" అన్నాడు బావ, బోర్డును డబ్బాలో బిగిస్తూ. "పాట సంగతి తర్వాత. ముందు ఆట నడుస్తుందో లేదో చూద్దాం."

నడిచింది. మానిటర్ ఒక్కసారి టప్పుమని, సన్నగా కూసి, నల్లటి గాజు మీద గుహను చూపించింది. గుహ మొదట్లో చేతిలో దీపం పట్టుకుని ఒక చిన్న మనిషి నిలబడ్డాడు. ఆ ఆటలో వాడి పని ఒక్కటే. దీపం ఆరిపోకుండా గుంటలు దాటుకుంటూ గుహ అవతలికి చేరాలి. ఎడం చేతి మీటలతో నడిపించాలి. కుడివైపున్న పెద్ద మీట నొక్కితే దూకుతాడు, దాని పక్క మీట నొక్కితే గాలి తగిలే చోట ఒత్తి తగ్గించుకుంటాడు.

బావ గర్వంగా నడక మీట మీద వేలు పెట్టాడు. వేలు ఇంకా పూర్తిగా ఆనకముందే ఆ మనిషి తూటాలా పోయి గుంటలో పడ్డాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడ్డాడు. పడడం కూడా కంటికి ఆనలేదు. దీపం ఆరిపోయిన చీకటి మాత్రం కనబడింది.

"చూశావా, నడుస్తోంది" అన్నాడు బావ.

"నడవడం కాదు బావా, పారిపోతోంది."

"వేగంగా ఉంటే మంచిదేగా."

"ఈ ఆటకు కాదు. ఆ కాలం ప్రాసెసర్ ఎంత నెమ్మదిగా ఉండేదో దానికి తగ్గట్టు రాశారు. ప్రాసెసర్ ఎంత వేగంగా పోతే వాడూ అంత వేగంగా పోతాడు. కళ్ళెం లేదు వాడికి. దొరికింది కదా అని కొత్త ప్రాసెసర్ పెడితే ఇదే గతి. ముందు ఏ ఆట ఆడాలో చూసుకుని, దానికి సరిపడా పెట్టె ఎంచుకోవాలి. నేను మొదటి రోజునుంచీ మొత్తుకుంటున్నది అదే."

"వేగం తగ్గించుకోవచ్చన్నావుగా మొన్న."

"తగ్గించాను. ఇది తగ్గించాకే. పందెం గుర్రాన్ని తెచ్చి మూడు కాళ్ళు కట్టేసి మెల్లగా నడవమంటే ఎలా ఉంటుందో అలా ఉంది."

చివరి కుర్చీలోంచి నవ్వు వినబడింది. ఇద్దరూ అటు తిరిగారు. అక్క అప్పటికే ముఖం కిటికీవైపు తిప్పుకుంది. కుడి చెయ్యి ఒళ్ళో, ఎడం చేతి కింద దాగి ఉంది. ఇద్దరి చూపులూ అలవాటు కొద్దీ ఆ చేతి మీదకే పోయాయి. ఆమె కుర్చీని ఇంకాస్త అవతలికి తిప్పుకుంది.

బావ తన బోర్డు విప్పి, తువ్వాలులో చుట్టి పక్కన పెట్టాడు. ఆ విప్పడంలో రెండు మరలు కింద పడి ఎటో దొర్లిపోయాయి. వాటి కోసం ఇద్దరూ కుర్చీల కింద పాకారు. ఒకటి దొరికింది. రెండోది ఎప్పటిదో జుట్టు ఉండలో చిక్కుకుని దొరికింది. బావ లేవడానికి తమ్ముడు చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది.

అప్పుడు తమ్ముడు తన బోర్డు తీశాడు. బావ బోర్డు కన్నా పాతది, మొరటుగా ఉంటుంది, పొడవాటి నల్ల స్లాట్లు వరసగా ఉంటాయి. సౌండ్ కార్డు అందులో చెప్పుకు కాలు పట్టినట్టు పట్టింది. స్విచ్చి వేయగానే గుహ వచ్చింది, మనిషి వచ్చాడు, చేతిలో దీపం పాత కాలపు నిదానంతో మినుకుమినుకుమంది. తమ్ముడి ముఖం వెలిగింది. వేలు పెట్టాడు. మనిషి కదల్లేదు. ఇంకో మీట నొక్కాడు. కదల్లేదు. కీబోర్డు తీగ పీకి మళ్ళీ గుచ్చాడు. వేరే కీబోర్డు తెచ్చి పెట్టాడు. వాడు అలాగే నిలబడి వాళ్ళ వంక చూస్తున్నాడు.

"నాది పారిపోయింది, నీది పాతుకుపోయింది" అన్నాడు బావ.

తమ్ముడు నుదురు కొట్టుకున్నాడు. "కొనేటప్పుడు ఆ దుకాణం అతను బాగానే పనిచేస్తోందన్నాడు."

"కీబోర్డు పెట్టి చూపించాడా?"

"తెర మీద అక్షరాలు వస్తే చాలనుకున్నా."

"నా బోర్డుకు వంద వంకలు పెట్టావు. నీ బోర్డును కనీసం తాకి చూడలేదన్నమాట."

బావ కళ్ళద్దాలు పెట్టుకుని బోర్డు మీదకు వంగాడు. లిఫ్టు మధ్యలో ఆగిపోయినప్పుడు లోపలున్నవాళ్ళు ఎంత అరుస్తున్నా తొందరపడని ముఖం అది. కీబోర్డు తీగ గుచ్చే చోటు పక్కన చిన్న నీలం రంగు పీపాలాంటి బ్యాటరీ ఉంది. దాని కింద పచ్చటి పొడి పేరుకుంది.

"ఇదిగో నీ దొంగ" అన్నాడు. "బ్యాటరీ కారింది. కారి రాగి గీతల్ని తినేసింది. లిఫ్టుల కంట్రోల్ బోర్డుల్లో ఇది నాకు నిత్యం ఉండేదే."

బ్యాటరీ కత్తిరించి తీసేశారు. అక్క దువ్వెనలు నానబెట్టే గిన్నెలో వెనిగర్ పోసి, మెడ మీద జుట్టు దులిపే బ్రష్షుతో పచ్చ పొడిని రుద్దారు. శుభ్రమైన నీటితో తుడిచి, జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ పెట్టి ఆరబెట్టారు. ఆ బ్రష్షు గొర్రె వెంట్రుకలదని, బోర్డులు తోమేది కాదని అక్క అక్కడినుంచే చెప్పింది. ఎవరూ వినిపించుకోలేదు. పొడి పోయాక చూస్తే, కీబోర్డు నుంచి లోపలికి పోయే సన్నటి గీత ఒక చోట పూర్తిగా తెగిపోయి ఉంది.

బావ సోల్డరింగ్ కడ్డీ వేడెక్కించాడు. వెంట్రుకంత తీగ తీసుకుని, తెగిన గీత ఈ చివరనుంచి ఆ చివరకు అతికించడం మొదలుపెట్టాడు. తమ్ముడు ఊపిరి బిగబట్టి టార్చి పట్టుకున్నాడు. అప్పటిదాకా లేని శాంతి గదిలోకి వచ్చింది. పని సాఫీగా పోతున్నప్పుడు మనిషి నోరు ఊరుకోదు. బావ మెల్లగా అన్నాడు.

"చూడు, ఇదీ మీ అక్క చెయ్యి లాంటిదే. అన్నీ బాగానే ఉన్నాయి. చెప్పిన మాట పోయే దారి తెగిందంతే. ఓపిగ్గా దారి వేసుకుంటూ పోతే..."

తిరుగుతున్న కుర్చీ చప్పుడు ఆగింది.

"అది నా చెయ్యి కాదు" అంది అక్క.

ఆమె లేచి వచ్చింది. బావ కడ్డీ పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"నేనేదో మాట వరసకి..."

"మాట వరసకే. మీకు ఏది చూసినా నా చెయ్యే. తలుపు గడియ ఊడితే నా చెయ్యి. లిఫ్టు ఆగిపోతే నా చెయ్యి. ఇప్పుడు ఈ అట్టముక్క కూడా." ఆమె గొంతు పెద్దది కాలేదు. అందుకే ఇద్దరికీ భయం వేసింది. "ఒక సంగతి చెప్పనా మీ ఇద్దరికీ? నాకు దీపం ఆట మీద అంత మోజేం లేదు."

తమ్ముడి చేతిలో టార్చి వెలుగు గోడ మీదకు జారింది. "ఏంటక్కా?"

"ఏదో ఒక దొరకని వస్తువు పేరు చెబితే దాని కోసం పోతారని చెప్పా. అన్నం తింటుంటే చూస్తారు. బొత్తాం పెట్టుకుంటుంటే చూస్తారు. గ్లాసు ఎత్తితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడ్డం ఆపేస్తారు. పైగా నాది అద్దాల కొట్టు. ఎటు తిరిగినా మీ కళ్ళే. ఎక్కడికి పోను? మీరు నా వంక చూడ్డం మానేస్తే చాలనుకున్నా. నిజంగా పెట్టె చేసి తెస్తారని నేనేమన్నా కలగన్నానా?"

సోల్డరింగ్ కడ్డీ కొసన సన్నగా పొగ లేచింది.

"అంటే కొండను తవ్వి ఎలుకను పట్టామన్నమాట" అన్నాడు తమ్ముడు.

"ఎలుక కూడా లేదు" అన్నాడు బావ.

తమ్ముడికి కోపం ముందు చెవుల్లోకి వస్తుంది. రెండు చెవులూ ఎర్రబడ్డాయి. "నేను ఊళ్ళో ఉన్న ప్రతి పాత సామాను కొట్టువాడితోనూ పోట్లాడాను. పనికి సెలవు పెట్టాను. ఈయనతో రోజూ గొడవ. ఆ సౌండ్ కార్డు కోసం ఒకాయన ఇంటికి పోతే, అమ్మేది లేదు పొమ్మని తలుపేశాడు. మళ్ళీ పోయాను. ఇదంతా నీ వేళ్ళ కోసం కాదా? మేం చూడకపోతే ఇంకెవరు చూస్తారక్కా నిన్ను?"

"చూశావా, మళ్ళీ వేళ్ళు" అంది అక్క. తర్వాత ఆమె గొంతు దిగింది. "ఒరే, నువ్వు నల్ల స్లాటు, తెల్ల స్లాటు అని ఈయనతో కొట్లాడుతున్నంతసేపూ నా ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆ రోజులు నాకు ఎంత హాయిగా ఉన్నాయో తెలుసా? చాన్నాళ్ళ తర్వాత మనింట్లో మామూలు గొడవ జరుగుతున్నట్టు అనిపించింది."

బావ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడవడానికి వాటి మీద ఏమీ లేదు. "సరే. వద్దంటే వద్దు" అన్నాడు. "విప్పేస్తాం. ఈ ఒక్క చుక్క అతికించి విప్పేస్తా. సగంలో పని వదిలేయడం నాకు అలవాటు లేదు."

అతికించాడు. తమ్ముడు ముఖం మాడ్చుకుని, పరీక్ష కోసమే అన్నట్టు, స్విచ్చి వేసి స్పీకరు తీగ గుచ్చాడు.

పాట మొదలైంది.

పాట అంటే గొప్పదేం కాదు. రేకు డబ్బాలో గంటలు కట్టి ఊపినట్టు ఉంటుంది. అడుగున మాత్రం ఒక బరువైన స్వరం అడుగులో అడుగు వేస్తూ నడుస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఆ అడుగు స్వరం లేదు. వెనక్కి పోబోతున్న అక్క ఆగింది.

"ఇదే" అంది.

"విప్పేస్తున్నాం" అన్నాడు తమ్ముడు.

"నోర్మూసుకో." ఆమె బల్ల ముందున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. కీబోర్డును తనవైపు జరుపుకుంది. "ఆడతానని కాదు. కీబోర్డు పలుకుతోందో లేదో చూడాలిగా. కాకపోతే ఒక్క షరతు. ఇద్దరూ అటు తిరగండి."

తిరిగారు. వెనక గోడకు కూడా అద్దమే ఉంది. తిరిగినందువల్ల ఆమె వీపుకు బదులు చేతులు కనబడ్డాయి. ముందటి అద్దంలోంచి ఈ అద్దంలోకి, చిన్నగా, స్పష్టంగా. కళ్ళు మూసుకోమని ఆమె చెప్పలేదు కాబట్టి ఇద్దరూ మూసుకోలేదు.

మొదటిసారి దీపం మనిషి మొదటి గుంటలోనే పడ్డాడు. రెండోసారీ అంతే. ఆమె బొటనవేలితో దూకించబోతోంది, ఆ వేలు అంత దూరం చేరేసరికి ఆలస్యమైపోతోంది. "ఛీ, వీడి మొహం" అని తిట్టుకుంది. మూడోసారి చూపుడు వేలితో. గుంట దాటాడు, గాలికి దీపం ఆరింది. అక్క కుర్చీని బల్లకు దగ్గరగా లాక్కుంది. ముందుకు వంగింది. ఇక తిట్లు కూడా ఆగిపోయాయి. మీటల చప్పుడు, గంటల పాట, గాజు మానిటర్ కూత తప్ప ఇంకేం లేవు.

తమ్ముడికి చిన్నప్పటి రోజులు గుర్తుకొచ్చాయి. అప్పుడు ఎడంవైపు మీటలు అతనివి, కుడివైపువి ఆమెవి. ఒక కుర్చీలో ఇద్దరూ చెరో సగం కూర్చునేవాళ్ళు. నువ్వు తొందరగా నడిపించావంటే నువ్వు ఆలస్యంగా దూకావని కొట్టుకునేవాళ్ళు. దూకే మీట మీద ఆమె ఎప్పుడూ చిటికెన వేలే వేసేది. ఒత్తి తగ్గించే మీట మీద ఉంగరపు వేలు. అంతకన్నా హాయిగా ఆడే పద్ధతి ఆ ఆటకు లేదు.

అద్దంలో ఆమె కుడి చెయ్యి మెల్లగా పక్కకు జరిగింది. గుంట వస్తోంది. చిటికెన వేలు వణికింది, లేవలేదు. మనిషి పడ్డాడు. మళ్ళీ గుంట. ఆ వేలు సగం లేచింది, మీట అంచున తగిలి జారింది. పడ్డాడు. అక్క చేతి వంక చూసుకోవడం లేదు. ఆమె ప్రాణమంతా ఆ గుంట మీద ఉంది. మళ్ళీ వచ్చింది గుంట. చిటికెన వేలు లేచి, పడింది. మీట పలికింది. మనిషి నిదానంగా గాల్లోకి లేచి, గుంటకు అవతల దిగాడు. గాలి వచ్చింది. ఉంగరపు వేలు ఆలస్యంగా, బద్ధకంగా, కానీ తనంతట తానే వంగింది. దీపం చిన్నదై నిలిచింది.

బావ చెయ్యి వచ్చి తమ్ముడి మణికట్టు పట్టుకుంది. గట్టిగా. నొప్పి పుట్టేంత గట్టిగా. ఇద్దరూ గోడవైపు తిరిగి, దేని వంకా చూడనట్టు నిలబడ్డారు. అరవాలని ఉన్నా అరిచే వీల్లేదు. ఆమె చూసుకుంటే ఆ వేళ్ళు ఎక్కడ బెదిరిపోతాయో.

"ఇంకా అటే తిరిగి ఉన్నారా?" అంది అక్క.

"ఉన్నాం" అన్నాడు బావ.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తోసుకుని ఎవరో లోపలికి వచ్చారు. 'మూసి ఉంది' అన్న అట్ట గోడకు తగిలి ఊగింది. వెనక వీధిలో పెద్ద బ్యూటీ పార్లర్ నడిపే ఆవిడ. చేతిలో కొలతల టేపు, వేళ్ళకు కొత్త రంగు. గదంతా ఒకసారి కలయజూసి, విప్పిన డబ్బాను, గోడకు ముఖం పెట్టి నిలబడ్డ మగవాళ్ళిద్దరినీ చూసి కాస్త తటపటాయించింది.

"వేరే పనిలో ఉన్నట్టున్నారు" అంది. "కొలతలు తీసుకోవడానికి ఇవాళ రమ్మన్నారు కదా. మొదటి తారీకున ఈ కొట్టు తాళాలు నా చేతికి వస్తాయిగా, ఆ లోపు నా బల్లలు చేయించుకోవాలి."

"ఏ తాళాలు?" అన్నాడు బావ, ఆవిడవైపు తిరిగి.

ఆవిడ అక్క వంక చూసింది. అక్క తెర మీదనుంచి కళ్ళు తిప్పలేదు. మీటల చప్పుడు మాత్రం ఒక్క క్షణం తడబడి మళ్ళీ అందుకుంది.

"కాసేపు కూర్చోండి" అంది అక్క. "ఈ గుంట దాటనివ్వండి."

"ఇంట్లో చెప్పలేదా ఏంటి?" ఆవిడ గొంతులో జాలి, ఇబ్బంది కలగలిసి ఉన్నాయి. టేపు లాగి, రెండో చివర పట్టుకోమన్నట్టు బావ చేతిలో పెట్టింది. "కొంచెం ఆ గోడ దాకా వెళ్ళండి అన్నయ్యగారూ. వచ్చిన పని కానిచ్చేస్తా."